గుడ్డ పువ్వు – దాని వెనుక ఉన్న చెయ్యి



ఈ మాసము మా శీర్షికలో చాలా చిన్న వస్తువును గూర్చి వ్రాయదలిచాము. అది గుడ్డతో చేసిన పువ్వు. పెండ్లికుమారుని కోటు మీద, పెండ్లికుమార్తె చేతిలోని బొకేలో, పసిబిడ్డ గౌను నడుము దగ్గర, ఆడపిల్ల జడ క్లిప్పు మీద, క్రిస్మస్ పండుగకు వచ్చిన అతిథుల చొక్కాల మీద మనము దానిని చూస్తూనే ఉంటాము. రెండు గంటలు పెట్టుకొని తీసివేసే వస్తువు గనుక దానిని గూర్చి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కొనేటప్పుడు ధర ఎక్కువని బేరమాడతాము. అంతటితో సరి.

అయితే ఈ చిన్న పువ్వుకు పెద్ద చరిత్రే ఉన్నది. ఒక చోట ఈ పువ్వు దానిని చేసిన పిల్ల ప్రాణము తీసింది. అదే నగరములో మరొక చోట ఇదే పువ్వు నడవలేని పిల్లకు కూడు పెట్టి, గౌరవముగా బ్రదికించింది. గుడ్డ అదే, సూది అదే, తీగ అదే. ఆ పని చేయించిన వారి మనస్సులోనే భేదమంతా ఉన్నది. మా సంఘములలోని అక్కచెల్లెళ్లు కొందరు ఈ పని నేర్చుకొనవలెనని ఆశపడుచున్నారు గనుక, పని నేర్పుటకు ముందు ఈ సంగతి చెప్పుట మంచిదని మాకు తోచింది.

గుడ్డతోను దారముతోను పూలు, పండ్లు చేయుట క్రొత్త విద్య కాదు. యాజకుని నిలువుటంగీ అంచు చుట్టు నీల, ధూమ్ర, రక్తవర్ణముల దారముతో దానిమ్మపండ్లు చేసి, వాటి నడుమ బంగారు గంటలు కట్టిన సంగతి నిర్గమకాండములో మీరు చదివే ఉంటారు. అదే గ్రంథము ఆ దారమును తమ చేతులతో వడికిన స్త్రీలను కూడ మరువక పేర్కొన్నది. వస్త్రము ధరించినవాడు ప్రధానయాజకుడే అయినా, నూలు వడికిన ఆడవారి చేతులు లెక్కలోనికి వచ్చాయి. ఈ మాట జ్ఞాపకముంచుకొని ముందుకు వెళ్దాము.

పచ్చని ఆకులలో విషము

19వ శతాబ్దములో ప్యారిస్, లండన్ నగరములలో ధనవంతుల ఇండ్ల స్త్రీలు టోపీల మీద, గౌనుల మీద, తల వెండ్రుకలలో గుడ్డ పూలు పెట్టుకొనేవారు. ఆ పూలు చేయుట పెద్ద పరిశ్రమ. పల్చని నూలు, పట్టు, వెల్వెట్ గుడ్డలకు గంజి పట్టించి ఆరబెట్టేవారు. ఇనుప అచ్చులతో రేకులు, ఆకులు కోసేవారు. కొన గుండ్రముగా ఉన్న ఇనుప పనిముట్టును వేడిచేసి రేకు మీద అద్దితే రేకు నిజమైన పూరేకు వలె వంపు తిరుగుతుంది. పిమ్మట తీగకు ఒక్కొక్క రేకు కట్టి, రంగు వేసి పువ్వును పూర్తి చేసేవారు. ఈ పని చేసినవారిలో ఎక్కువమంది బీద స్త్రీలు, ఆడపిల్లలు.

ఆకులకు మంచి పచ్చదనము రావలెనని ఆ రోజులలో ఆర్సెనిక్ అనే పాషాణముతోను రాగితోను చేసిన ఒక ఆకుపచ్చ పొడిని వాడేవారు. ఆ రంగు దీపపు వెలుగులో కూడ మెరుస్తుంది. అందుచేత అందరికీ అదే కావలసి వచ్చింది. లండన్‌లో మెటిల్డా షూరర్ అనే 19 ఏండ్ల పిల్ల పని ఏమిటంటే, గుడ్డ ఆకుల మీద ఈ పొడి చల్లుట. ఆ పొడి ఆమె ముక్కులోనికి, నోటిలోనికి, తినే రొట్టె మీదికి చేరింది. 1861 నవంబరులో ఆమె చనిపోయింది. చనిపోవుటకు ముందు ఆమె కంటి తెల్లగ్రుడ్లు పచ్చబడ్డాయి. చూచినదెల్లా పచ్చగా కనబడుచున్నదని ఆమె చెప్పింది. శవపరీక్షలో కడుపులో, కాలేయములో, ఊపిరితిత్తులలో ఆర్సెనిక్ కనబడింది.

మరుసటి సంవత్సరము, అనగా 1862లో, హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ రంగు వేసిన ఆకులను పరీక్షించి లండన్ టైమ్స్ పత్రికలో ఫలితము ప్రకటించాడు. ఒక స్త్రీ తలలో పెట్టుకొనే పూల అలంకారములో ఇరువది మందిని చంపగలిగినంత విషము ఉన్నదని ఆయన లెక్క. నాట్యశాలలో దానిని పెట్టుకొని తిరిగిన స్త్రీ ఒక్క రాత్రి పెట్టుకొన్నది. చేసిన పిల్ల దినమెల్లా, సంవత్సరమెల్లా ఆ పొడిలోనే కూర్చున్నది.

ఇది ఒక్క లండన్ సంగతి కాదు. 20వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో అమెరికాలోని న్యూయార్క్ నగరములో వలస వచ్చిన బీద కుటుంబములు ఇరుకు గదులలో కూర్చుండి, టోపీల మీద పెట్టే గుడ్డ పూలు చేసేవారు. తల్లి, అవ్వ, బడి ఈడు పిల్లలే గాక, ఇంకా సరిగా మాటలు రాని పసివారు కూడ బల్ల చుట్టు కూర్చుండి రేకులు విడదీయుచుండగా లూయిస్ హైన్ అనే ఛాయాచిత్రకారుడు తీసిన చిత్రములు నేటికీ ఉన్నాయి. మేరీ వాన్ క్లీక్ అనే ఆమె ఈ పనివారి స్థితిని విచారించి 1913లో ఒక పుస్తకమే ప్రచురించింది. పువ్వును చూచినవారికి అందము కనబడింది. బల్ల దగ్గరకు వెళ్లి చూచినవారికే ఆకలి కనబడింది.

సంతలోని పిల్లలు

ఇప్పుడు ఇదే లండన్‌లో జరిగిన మరొక సంగతి వినండి. తెల్లవారకముందే ఫారింగ్‌డన్ సంతకు వచ్చి, నీళ్లలో పెరిగే ఒక ఆకుకూరను, పూలను కొని, చిన్న కట్టలుగా కట్టి వీధి వీధి తిరిగి అమ్ముకొనే ఆడపిల్లలు ఆ నగరములో అనేకులు ఉండేవారు. కొందరికి ఎనిమిది ఏండ్లు కూడ దాటలేదు. చలికి చెప్పులైనా లేవు. వారిలో కుంటివారు, గ్రుడ్డివారు, అవయవ లోపము గలవారు ఉన్నారు; వేరే పని ఎవరూ ఇవ్వరు గనుక వీధిలో నిలబడక తప్పేది కాదు.

జాన్ గ్రూమ్ అనే యౌవనస్థుడు లోహము మీద నగిషీ చెక్కే పనివాడు. 1845లో పుట్టాడు. పని లేని సమయములో సువార్త చెప్పేవాడు. 1866లో, అనగా తన 21వ ఏట, ఈ పిల్లల నిమిత్తము ఒక క్రైస్తవ మిషను ప్రారంభించాడు. వారికి కడుగుకొనుటకు చోటు, తినుటకు వేడి ఆహారము ఏర్పాటు చేశాడు. గనులలో స్త్రీలను, పసిబాలురను దింపకుండ 1842లో చట్టము తెచ్చుటకు పాటుపడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఈ మిషనుకు మొదటి అధ్యక్షుడుగా ఉన్నాడు.

అయితే ఒక పూట భోజనము పెట్టితే మరుసటి పూట మరల ఆకలి వేస్తుంది. శీతకాలములో తోటలలో పూలుండవు. పూలు లేకపోతే ఈ పిల్లలకు ఆదాయము లేదు. ఈ కష్టమునకు గ్రూమ్ కనిపెట్టిన ఉపాయము గుడ్డ పువ్వు. వానలో నిలబడి వాడిపోయే పూలు అమ్ముటకు బదులు, వెచ్చని గదిలో కూర్చుండి వాడని పూలు చేయుట నేర్పించాడు. కాళ్లు లేని పిల్లకు చేతులున్నాయి. చేతి వ్రేళ్లు సరిగా లేని పిల్ల రేకులకు రంగు వేయగలదు. ఎవరు ఏమి చేయగలరో దానిని బట్టి పని పంచాడు. కూలి ఇచ్చాడు. ఉండుటకు ఇండ్లు చూపాడు. అనాథ బాలికల కొరకు 1890లో సముద్రతీరమున క్లాక్టన్ అనే ఊరిలో గృహము తెరిచాడు.

1912లో అలెగ్జాండ్రా రాణి, తాను డెన్మార్క్ నుండి ఇంగ్లండుకు వచ్చిన 50వ సంవత్సరమును పురస్కరించుకొని, ఆస్పత్రుల సహాయార్థము గులాబీ దినము జరిపించింది. ఆ జూన్ 26న లండన్ వీధులలో జనులు తమ దుస్తులకు తగిలించుకొన్న లేత గులాబీ రంగు గుడ్డ పూలు గ్రూమ్ దగ్గర పని నేర్చిన పిల్లలు చేసినవే. నిన్న వీధిలో ఎవరూ తిరిగి చూడని పిల్లలు చేసిన పువ్వును రాణి మొదలుకొని బండివాని వరకు గుండె మీద పెట్టుకొన్నారు. గ్రూమ్ 1919లో మరణించాడు. ఆయన మొదలుపెట్టిన సంస్థ పేరు మార్చుకొంటూ నడిచి, 2007లో షాఫ్ట్స్‌బరీ పేరిట ఉన్న మరొక సంస్థతో కలిసి, వికలాంగుల సేవ చేసే లివబిలిటీ అనే సంస్థ అయ్యింది.

మెటిల్డా చనిపోయినది 1861లో. గ్రూమ్ పని మొదలుపెట్టినది 1866లో. మధ్య అయిదు సంవత్సరములే. ఊరు ఒక్కటే. పని ఇంచుమించు ఒక్కటే. ఒకరు పువ్వును చూచి మనిషిని మరిచారు. మరొకరు మనిషిని చూచి పువ్వును ఎన్నుకొన్నారు.

గుండె మీది ఎర్ర పువ్వు

గుడ్డ పువ్వు మరి కొందరిని కూడ నిలబెట్టింది. మనము కూరలలో వేసే గసగసాల మొక్కకు దగ్గరి జాతి మొక్క ఒకటి ఐరోపా పొలాలలో ఎర్రని పువ్వులు పూస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధములో ఫిరంగి గుండ్లకు దున్నబడిన నేలలో, సైనికుల సమాధుల మధ్య, ఆ పువ్వులు విరివిగా పూశాయి. 1918 నవంబరులో, యుద్ధము ముగియుటకు రెండు దినముల ముందు, అమెరికాలో మొయినా మైకేల్ అనే ఉపాధ్యాయురాలు న్యూయార్క్‌లోని ఒక అంగడిలో పట్టుతో చేసిన ఎర్ర పూలు కొని, చనిపోయినవారి జ్ఞాపకార్థము తాను ఒకటి పెట్టుకొని, మిగిలినవి తన తోటివారికి పంచింది.

ఫ్రాన్సు దేశస్థురాలైన అన్నా గెరాన్ ఆ ఆలోచనను మరి కొంత ముందుకు తీసుకొనివెళ్లింది. యుద్ధములో పాడైన ఊళ్లలోని విధవరాండ్రు, పిల్లలు ఈ గుడ్డ పూలు చేయవలెను. ఇతర దేశములవారు వాటిని కొనవలెను. ఆ సొమ్ము చేసినవారి ఊళ్లకు చేరవలెను. ఇది ఆమె ఏర్పాటు. 1921 నవంబరు 11న బ్రిటనులో మొదటిసారి ఈ పూలు అమ్మినప్పుడు, యుద్ధములో గాయపడినవారి సహాయార్థము 1,06,000 పౌండ్లు పోగైనాయి.

1922లో జార్జ్ హౌసన్ అనే సైనికాధికారి, యుద్ధములో అవయవములు పోగొట్టుకొన్న అయిదుగురు సైనికులతో లండన్‌లో పూల కర్మాగారము మొదలుపెట్టాడు. ఇది పెద్దగా సఫలము కాకపోవచ్చునని తన తలిదండ్రులకు వ్రాస్తూనే, ప్రయత్నించి చూడదగినదని కూడ వ్రాశాడు. ఒక్క చేయి మాత్రమే మిగిలినవాడు కూడ రేకును కాడను జతపరచగలిగేటట్లు ఆ పువ్వును రూపొందించారు. ఆ కర్మాగారము తరువాత రిచ్‌మండ్ అనే చోటికి మారింది. పువ్వు కాలక్రమమున గుడ్డ నుండి కాగితమునకు మారింది; 2023లో ప్లాస్టిక్ ఏమాత్రము లేని కాగితపు పువ్వు వచ్చింది.

ఇక్కడ మేము గమనించినది ఇది. పనివానిని పనికి తగినట్లు మలచుట లోకపు పద్ధతి. పనిని పనివాని చేతికి తగినట్లు మలచుట హౌసన్ చేసిన పని. మీ ఇంటిలోనో, మీ వీధిలోనో కాలు చచ్చుబడిన కుమార్తె, ఎక్కువసేపు నిలబడలేని తల్లి ఉన్నదా? ఆమె ఏమి చేయలేదో లెక్కపెట్టుట ఆపి, ఆమె చేతులకు ఏ పని అమరుతుందో చూడండి.

మన నరసాపురము లేసు

ఇదంతా విదేశముల సంగతి అని అనుకొనవద్దు. మన పశ్చిమ గోదావరిలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్త్రీలు సన్నని దారముతో, కొన వంగిన సూదితో అల్లే లేసు లోకమంతట ప్రసిద్ధి చెందినది. 19వ శతాబ్దములో అక్కడకు వచ్చిన మిషనెరీల కుటుంబముల స్త్రీలు మన బీద క్రైస్తవ స్త్రీలకు ఈ పని నేర్పించారు. వారి నుండి అన్ని కులముల ఇండ్లకు పాకింది. 2024లో నరసాపురము క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. పువ్వులు, తీగెలు, ఆకులు అన్నీ దారముతోనే అల్లుతారు గనుక అది కూడ గుడ్డ పువ్వుకు చెల్లెలు వంటిదే.

అయితే జర్మనీ దేశస్థురాలైన మరియా మీస్ అనే ఆమె ఆ ప్రాంతమునకు వచ్చి, స్త్రీలతో మాట్లాడి, 1982లో వారిని గూర్చి ఒక పుస్తకము ప్రచురించింది. ఇంటి పనులన్నీ చేసుకొని, ఆ పైన దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీల చేతికి పొలము కూలి అంతైనా రాకపోవుట ఆమె చూచింది. కారణము ఏమని? వీరు పనివారు కారు, గృహిణులు. ఖాళీగా కూర్చుండక కాలక్షేపమునకు అల్లుకొంటున్నారు అని అందరూ అనుకొనుటే. వర్తకుడు అలాగే అనుకొన్నాడు. భర్త అలాగే అనుకొన్నాడు. చివరకు ఆమెయు అలాగే అనుకొన్నది.

సహోదరీలారా, కాలక్షేపము అనే ఈ ఒక్క మాట చేతిపని చేసే ఆడదాని కూలిని తినివేస్తుంది. అందుచేత పువ్వు చేయుట నేర్చుకొనుచున్నప్పుడే వెల కట్టుట కూడ నేర్చుకొనవలెను. ముందు పని చెబుతాము.

ఇంటిలో చేసుకొనే విధము

మొదటి రకము. జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్కలు చాలు. టీ గ్లాసు మూతి వంటిది గుడ్డ మీద బోర్లించి, సుమారు మూడు అంగుళముల వెడల్పు గల గుండ్రని ముక్కలు అయిదు కోయండి. ఒక ముక్కను సగమునకు మడవండి. వంపుగా ఉన్న అంచు వెంబడి సూదిని పైకి క్రిందికి వేస్తూ పొడవు కుట్లు కుట్టి, దారము లాగండి. గుడ్డ ముడుచుకొని ఒక రేకు అవుతుంది. దారము త్రెంపకుండ అదే దారము మీద మిగిలిన నాలుగు రేకులు కూడ ఎక్కించండి. మొదటి రేకును, చివరి రేకును కలిపి గట్టిగా ముడివేస్తే పువ్వు తయారు. నడుమ ఒక గుండీ గాని, పూస గాని కుట్టండి. వెనుక మందపు గుడ్డను గుండ్రముగా కోసి కుట్టి, దానికి పిన్నీసు గాని జడ క్లిప్పు గాని అమర్చండి. దారము రెండు పేటలుగా ఉండవలెను. ఒంటి దారము లాగినప్పుడు తెగుతుంది.

రెండవ రకము గులాబీ. మూడు అంగుళముల వెడల్పు, సుమారు మూర పొడవు గల మెత్తని గుడ్డ పేలికను పొడవునా సగమునకు మడవండి. మడత పైకి, విడి అంచులు క్రిందికి ఉండవలెను. ఒక కొన నుండి చుట్టుట మొదలుపెట్టి, ప్రతి చుట్టుకు క్రింది భాగమున రెండు కుట్లు వేయండి. మధ్యలో బిగువుగా, పైకి వచ్చేకొలది వదులుగా చుట్టితే మొగ్గ విచ్చుకొన్నట్లు ఉంటుంది. పెండ్లికుమారుని కోటుకు ఇది చక్కగా నప్పుతుంది.

మూడవ రకము శాటిన్ పువ్వు. పెద్దది మొదలు చిన్నది వరకు అయిదారు గుండ్రని ముక్కలు కోసి, వాటి అంచులను కొవ్వొత్తి మంటకు దూరముగా చూపితే అంచు ముడుచుకొని రేకు వలె లేస్తుంది. ఒకదానిపై ఒకటి పెట్టి నడుమ కుట్టుటే. ఇది పాలిస్టరు శాటిన్‌కు మాత్రమే పనికివస్తుంది. నూలు గాని పట్టు గాని ముడుచుకొనదు, మండుతుంది. ముందు ఒక చిన్న ముక్కను చూచుకొనండి. గాలి ఆడే చోట, ప్రక్కన నీళ్ల గిన్నె పెట్టుకొని, పిల్లలను దూరముగా ఉంచి చేయండి. వ్రేలాడే పైట చెంగును ముందు నడుమునకు దోపుకొనండి.

జపాను దేశములో 1603 నుండి 1868 వరకు నడిచిన ఎదో కాలము నుండి పట్టు గుడ్డను చిన్న చదరపు ముక్కలుగా కోసి, పట్టుకారుతో మడిచి, బియ్యపు జిగురుతో అంటించి జడలో పెట్టుకొనే పూలు చేస్తున్నారు. అన్నము మెతుకుతో కవరు అంటించుట మన ఇండ్లలో తెలిసినదే గదా! అయితే ఒంటి మీద పెట్టుకొనే వస్తువు ఊడిపోకుండ ఉండవలెనంటే మన చెమటకు, వానలకు కుట్టే నమ్మకమైనది.

పల్చని నూలు గుడ్డకు చిక్కని గంజి పెట్టి, నీడలో ఆరబెట్టి ఇస్త్రీ చేసిన తరువాత కోస్తే దారములు పోవు, రేకు వాలిపోదు. రంగు గుడ్డను ముందే ఒకసారి తడిపి చూడండి. రంగు దిగే గుడ్డతో చేసిన పువ్వు పెండ్లి చీరను పాడుచేస్తుంది. పసిబిడ్డల గౌనులకు పిన్నీసు, పూసలు వద్దు; బిడ్డ నోటిలో పెట్టుకొంటుంది. కుట్టివేయుటే క్షేమము. రాత్రి మసక వెలుతురులో సూదిపని చేసి కండ్లు పాడుచేసుకొనవద్దు.

వెల కట్టుట

ఇప్పుడు ఒక నోటు పుస్తకము తీసుకొనండి. ఒక పువ్వుకు గుడ్డ, దారము, గుండీ, పిన్నీసు కలిపి ఎంత అయ్యిందో వ్రాయండి. ఇంటిలోని పాత ముక్కలే అయినా ఊరక వచ్చినవని వ్రాయవద్దు. ముక్కలు అయిపోయిన దినమున కొనవలసినదే గదా. పిమ్మట ఒక పువ్వుకు ఎంతసేపు పట్టిందో గడియారము చూచి వ్రాయండి.

ఉదాహరణకు, పువ్వుకు అరగంట పడితే ఎనిమిది గంటలలో పదహారు పువ్వులు. మీ ఊరిలో కూలి దినమునకు 400 రూపాయలని అనుకొందాము. 400ను 16తో భాగిస్తే 25 రూపాయలు. సామానుకు 8 రూపాయలు అనుకొంటే పువ్వు వెల 33 రూపాయలు. అప్పుడే ఆమెకు పొలము కూలితో సమానముగా వచ్చినట్లు. కొట్టువాడు దానినే 15 రూపాయలకు అడిగితే సామాను పోగా మిగిలేది 7. పదహారు పువ్వులకు 112 రూపాయలు. దినమెల్లా నడుము వంచి కూర్చున్నందుకు 112 రూపాయలు! ఈ లెక్క వ్రాసుకొనని ఇంటిలో, పని దొరికిందిలే అనే సంతోషములోనే సంవత్సరము గడిచిపోతుంది.

బజారులో యంత్రముల సహాయముతో వేలకొలది చేసిన పువ్వులు మన వెలలో సగానికే దొరుకుతాయి. వాటితో ధరలో పోటీ పడవద్దు. పెండ్లికుమార్తె జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్కతోనే పెండ్లికుమారుని పువ్వు చేయుట, బిడ్డ గౌను రంగుకు సరిపోయే క్లిప్పు చేయుట, చనిపోయిన తల్లి పాత చీరతో కుమార్తెకు దాచుకొనే పువ్వు చేసి ఇచ్చుట – ఇవి పెట్టెలలో వచ్చే సరుకు చేయలేదు. దర్జీతో మాట్లాడుకొని, ఆర్డరు తీసుకొని, సగము సొమ్ము ముందుగా పుచ్చుకొని చేయండి. బడికి పోయే పిల్లలను బడి మాన్పించి మాత్రము ఈ పనికి కూర్చుండబెట్టవద్దు. న్యూయార్క్ గదులలోని ఆ పసివారిని మరువవద్దు.

పెట్టుకొనుట, పెట్టుకొనకపోవుట

ఇక కొన్ని సంఘములలో స్త్రీలు నగలు పెట్టుకొనరు, పూలు ముడువరు. మరి కొన్ని సంఘములలో పెట్టుకొంటారు. పేతురు పత్రికలోను, తిమోతికి వ్రాసిన పత్రికలోను అలంకారమును గూర్చి ఉన్న మాటలను ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా గ్రహించుచున్నారు. ఈ విషయములో అత్తా కోడండ్రు, వియ్యపువారు కూడ మనస్సులు నొచ్చుకొనుట మేము ఎరుగుదుము. పెట్టుకొనని సహోదరి పెట్టుకొన్నదానిని తీర్పు తీర్చవద్దు. పెట్టుకొన్న సహోదరి పెట్టుకొననిదానిని పాతకాలపుదని నవ్వవద్దు. ఆ వాక్యములు మన మనస్సు దేని మీద ఆనుకొన్నదని అడుగుచున్నవే గాని, పొరుగువారి జడను పరీక్షించుమని చెప్పుట లేదు.

అయితే పెట్టుకొన్నవారు, పెట్టుకొననివారు, కొన్నవారు, అమ్మినవారు అందరూ కలిసి జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ పువ్వు చేసిన ఆమెకు కూలి ముట్టినదా? యాకోబు పత్రికలో బిగబట్టిన కూలి మొరపెట్టునని ఉన్నది గాని, చిన్న మొత్తమైతే మొరపెట్టదని లేదు. బీదవాని కూలి ఆనాడే చెల్లించవలెనని ధర్మశాస్త్రములో కూడ ఉన్నది. పెండ్లి ఖర్చు లక్షలలో చేసి, పూలు కుట్టిన విధవరాలికి మాత్రము వచ్చే వారము రమ్మని చెప్పే ఇల్లు దీవెన పొందిన ఇల్లు ఎట్లగును?

సంఘ పెద్దలకు కూడ ఒక మాట. క్రిస్మస్‌కు, వార్షికోత్సవమునకు, అతిథులకు పెట్టే పూలన్నీ స్త్రీల సమాజములోని బీద సహోదరి చేత చేయించి, ఇది దేవుని సేవ గదా అని వట్టి చేతులతో పంపవద్దు. ఆమె తనంతట తాను ఇచ్చితే అది కానుక. దొర్కా తన చేతులతో కుట్టిన వస్త్రములు అటువంటి కానుకలు. మనము అడిగి, లేదనలేని స్థితిలో ఆమెను నిలబెట్టి పుచ్చుకొంటే అది కానుక కాదు. మైకు వానికి, షామియానా వానికి, వంటవానికి లెక్క వ్రాసే పుస్తకములోనే పూల అక్కకు కూడ ఒక వరుస వ్రాయండి. అంతకంటె మేము ఎక్కువ అడుగుట లేదు.

రాబోవు పెండ్లిండ్ల కాలములో మీ ఇంట శుభకార్యము ఉన్నట్లయితే, కొట్టుకు వెళ్లుటకు ముందు మీ వీధిలో సూది పట్టగలిగిన చేతులు ఎవరివి ఖాళీగా ఉన్నవో ఒకసారి ఆలోచించండి. ఒక డజను పువ్వులు ఆమెకు చెప్పండి. చెప్పిన వెల ఇవ్వండి. పువ్వు ఎవరు చేశారని ఎవరైనా అడిగితే ఆమె పేరు చెప్పండి. పేరు చెప్పుట కూడ కూలిలో ఒక భాగమే.

చేసే చేతులను, కొనే చేతులను ప్రభువు దీవించును గాక. ఆమెన్.